కోరిడోరస్ పెంపకం: మొదటి అడుగు ట్యాంక్ అడుగులోనే

"కింద పడిన మేతంతా ఇది తినేస్తుంది, ట్యాంక్ శుభ్రంగా ఉంటుంది." అక్వేరియం ట్యాంక్ అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్ కోరిడోరస్ గురించి చాలామంది మొదట వినే మాట ఇదే. ఆ మాట నమ్మి ఒకటో రెండో తెచ్చి ట్యాంక్‌లో వదిలేస్తారు. కొన్ని నెలలు గడిచేసరికి ఆ చేప ఓ మూల కదలకుండా పడి ఉంటుంది. పొట్ట లోపలికి పోయి ఉంటుంది, మీసాలు అరిగిపోయి మొద్దులు మాత్రమే మిగులుతాయి. నేనూ అలాగే మొదలుపెట్టాను కాబట్టి ఎవరినీ తప్పు పట్టడం లేదు.

కోరీ (కోరిడోరస్‌కు పెంచేవాళ్లు పెట్టుకున్న పొట్టి పేరు) పాచి తినదు. మిగతా చేపల మలం అసలే తినదు. ఇసుకలో మూతి పెట్టి పురుగుల్నీ లార్వాల్నీ వెతుక్కుని తినే చేప ఇది. అందుకే దీన్ని పెంచడంలో సగం పని ట్యాంక్ అడుగు ఎలా ఉందో చూసుకోవడమే. మీసాలు నిండుగా ఉంటే అడుగు బాగున్నట్టు, అరుగుతుంటే ఎక్కడో తేడా కొట్టినట్టు. నీళ్లను పరీక్షించే టెస్ట్ కిట్ తర్వాత నేను ఎక్కువగా నమ్మేది ఆ మీసాలనే.

ముందు రకం తేల్చుకోండి

కోరిడోరస్ సొంత ఊరు దక్షిణ అమెరికా. ఆండీస్ పర్వతాలకు తూర్పున పారే ఏర్లు, వాగులు, నది పక్క మడుగుల్లో ఉంటాయి. పేరు రెండు గ్రీకు మాటల నుంచి వచ్చింది, ఒకదానికి శిరస్త్రాణం అనీ రెండోదానికి చర్మం అనీ అర్థం. మామూలు పొలుసులకు బదులు ఒంటికి రెండు పక్కలా రెండేసి వరుసల ఎముక పలకలు ఉంటాయి. చూడటానికి కవచం తొడుక్కున్నట్టే ఉంటుంది గానీ పొట్ట కింద మాత్రం మెత్తని చర్మమే. నేలకు తగిలేది ఆ పొట్టే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఇసుక దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

నూట అరవైకి పైగా జాతుల్ని చాలాకాలం కోరిడోరస్ అన్న ఒక్క పేరు కిందే ఉంచారు. 2024లో శాస్త్రవేత్తలు వాటిని వేర్వేరు ప్రజాతులుగా విడదీశారు. కాబట్టి కొత్త జాబితాల్లో బ్రాంజ్ కోరీకి ఆస్టియోగాస్టర్ అనీ, పెప్పర్డ్ కోరీకి హాప్లిసోమా అనీ కనిపిస్తే కంగారు పడకండి, చేప అదే. అమ్మేవాళ్లూ పెంచేవాళ్లూ ఇంకా కోరీలనే అంటున్నారు.

ఎంచుకునేటప్పుడు రంగు కన్నా ముందు మీ గదిలో నీళ్లు ఎంత వేడెక్కుతాయో చూడండి. ట్యాంక్‌లో థర్మామీటర్ పెట్టి, ఎండ ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం ఎంత చూపిస్తుందో రాసుకోండి. పెప్పర్డ్ కోరీకి 18 నుంచి 23 డిగ్రీలు హాయి. పాండాకు 20 నుంచి 25, బ్రాంజ్‌కు 22 నుంచి 26 సరిపోతాయి. నీళ్లు తరచూ 27, 28 దగ్గర ఉండే ఇంట్లో అయితే స్టెర్బాయ్ మేలు, అది 24 నుంచి 28 వరకు తట్టుకుంటుంది. పిగ్మీ అని బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దగా, రెండున్నర సెంటీమీటర్లుండే రకం ఒకటుంది. ముద్దుగా ఉంటుంది కానీ మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పను. అంత చిన్న చేపకు మేత అందుతోందో లేదో కనిపెట్టడమే కష్టం.

ఏ రకమైనా ఒకే జాతివి ఆరు తీసుకోండి. రెండు బ్రాంజ్, రెండు పాండా, రెండు స్టెర్బాయ్ కలిపి ఆరు చేస్తే లెక్క సరిపోతుంది గానీ గుంపు అవ్వదు. ఒంటరి కోరీ ఎప్పుడూ ఏ మొక్క వెనకో దాక్కుంటుంది. ఆరుంటే పట్టపగలే ట్యాంకంతా తిరుగుతాయి. ఒకటి లేచి కదిలితే మిగతావి దాని వెనకే బారులు తీరతాయి. ఒంటి మీద మెరిసే గులాబీ, నీలం మచ్చలున్నవి కనిపిస్తే మాత్రం కొనకండి. అది సూదితో ఎక్కించిన రంగు.

ట్యాంక్

ఎత్తు కాదు, నేల ముఖ్యం. ఆరు పాండాలకు 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు చాలు. బ్రాంజ్, స్టెర్బాయ్ లాంటివి ఆరేడు సెంటీమీటర్లు పెరుగుతాయి కాబట్టి వాటికి 75 లేదా 90 సెంటీమీటర్ల పొడవుంటే బాగుంటుంది. సన్నగా నిలువుగా ఉండే ట్యాంకులు వీటికి పనికిరావు. మూత తప్పనిసరి. నీటి మట్టానికీ మూతకీ మధ్య మూడు నాలుగు వేళ్ల ఖాళీ వదలండి, ఎందుకో జబ్బుల దగ్గర చెబుతాను. నున్నటి కర్ర ముక్క ఒకటి, నీడనిచ్చే మొక్కలు కొన్ని, మధ్యలో ఖాళీ ఇసుక మైదానం ఉంటే చాలు. ఫిల్టర్ ఏదైనా ఫర్వాలేదు. నాకు స్పాంజ్ ఫిల్టర్ ఇష్టం, నీళ్లను మరీ విసురుగా తొయ్యదు, పిల్లల్ని లాక్కోదు.

ఇసుక

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

కోరీ మేసేటప్పుడు ఒక్కసారి అద్దానికి ముఖం ఆనించి చూడండి. ముందు మీసాలతో నేలను తడుముతుంది. ఏదో తగిలిందనుకోగానే కళ్ల దాకా మూతిని ఇసుకలో దించేస్తుంది. నోటినిండా ఇసుక తీసుకుంటుంది, తినేది ఉంటే లోపల ఉంచుకుని మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తుంది. రెండు చెంపల పక్కనుంచి ఇసుక సన్నటి ధారలా జారిపోతుంటుంది. మనం బియ్యం చెరిగినట్టు అది ఇసుక చెరుగుతుంది. అడుగున గులకరాళ్లు పోస్తే ఈ పని జరగదు. రాయి మొప్పల్లోంచి బయటికి రాదు కదా.

నా మొదటి ట్యాంక్‌లో చూడటానికి బాగుంటాయని శనగగింజంత రాళ్లు పోశాను. ఆరు నెలల తర్వాత ఓ మూల రాళ్లు పక్కకు జరిపి సైఫన్ (మురికి నీళ్లు లాగే పైపు) పెడితే పైపులోంచి కాఫీ రంగు నీళ్లొచ్చాయి. వేసిన మేతలో చాలా భాగం రాళ్ల సందుల్లోకి జారి కుళ్లిపోతోందన్నమాట. కోరీలు రోజంతా పొట్ట ఆనించి, మీసాలు ఈడ్చింది ఆ కుళ్లు మీదే. మీసాలు అరగడానికి రాళ్ల పదును ఒక్కటే కారణం అనుకుంటారు చాలామంది. పదును గీతలు పెడుతుంది నిజమే, కానీ ఆ గీతల్లో చేరి మీసాన్ని తినేసేది మురికిలో పెరిగే బ్యాక్టీరియా. అందుకే ఇసుక పోసినా శుభ్రం చేయకపోతే మీసాలు పోతాయి. మొదలంటా పోకపోతే మాత్రం నేల మార్చి నీళ్లు బాగుచేశాక కొన్ని వారాల్లో మళ్లీ పెరుగుతాయి. నావాటిలో నాలుగింటికి పెరిగాయి, ఒకదానికి ఎడమ పక్క రానే లేదు.

ఎలాంటి ఇసుక? సన్నగా, గుండ్రటి రేణువులతో ఉండాలి. చిటికెడు తీసుకుని రెండు వేళ్ల మధ్య గట్టిగా రుద్దండి. గుచ్చుకున్నట్టు, గరగరమన్నట్టు ఉంటే వద్దు. తర్వాత ఓ చెంచాడు పొడి ఇసుక మీద వెనిగర్ పొయ్యండి. బుడగలొస్తే అందులో గవ్వల పొడో సున్నపురాయో ఉన్నట్టు. అది నీళ్ల కాఠిన్యాన్నీ పీహెచ్‌నీ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచుతూ పోతుంది కాబట్టి పక్కన పెట్టండి.

60 × 30 ట్యాంక్‌లో రెండున్నర సెంటీమీటర్ల మందం రావాలంటే సుమారు ఏడు కిలోలు పడుతుంది. అంతకన్నా మందం అక్కర్లేదు. బకెట్‌లో మూడో వంతు ఇసుక వేసి, నీళ్లు పట్టి, చేత్తో కలియబెట్టి, పైన తేరిన బురద నీళ్లు వంచెయ్యండి. మళ్లీ నింపండి, మళ్లీ వంచండి. ఐదారుసార్లకు చాలనిపిస్తుంది, చాలదు. పదిహేనుసార్లయినా పట్టొచ్చు. బకెట్‌లో చెయ్యి పెట్టి కదిపినా అడుగు కనిపిస్తుంటే అప్పుడు అయిపోయినట్టు. ట్యాంక్‌లో పరిచాక పైన ఓ పళ్లెం పెట్టి దానిమీద నీళ్లు పోస్తే ఇసుక చెదరదు.

నీళ్లు పండే దాకా ఓపిక పట్టండి

ట్యాంక్ నింపిన రోజే చేపల్ని తెచ్చుకోవద్దు. చేపల మలం, మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా వస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషమే. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ ఫిల్టర్ నడపండి. వాడుకలో ఉన్న ఆరోగ్యమైన ట్యాంక్ నుంచి పాత స్పాంజ్ ముక్క దొరికితే చాలా త్వరగా అవుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ మాత్రం కొంత చూపిస్తే ట్యాంక్ సిద్ధం. ఆ తర్వాత కూడా నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకుంటే కోరీలు సుఖంగా ఉంటాయి. పీహెచ్ 6 నుంచి 7.5 మధ్య ఎక్కడున్నా టెన్షన్ పడక్కర్లేదు. దాన్ని మందులతో అటూ ఇటూ లాగడమే చేటు.

ఇంటికి తెచ్చే రోజు

దుకాణంలో అడగాల్సిన మొదటి మాట: "వలతో కాకుండా డబ్బాతో పట్టిస్తారా?" కోరీ వీపు రెక్కకూ, రెండు పక్క రెక్కలకూ ముందు గట్టి ముల్లు ఉంటుంది. భయపడితే ఆ మూడింటినీ నిక్కబొడుచుకుని బిగించేస్తుంది. పెద్ద చేప మింగబోతే గొంతులో అడ్డం పడటానికి ప్రకృతి ఇచ్చిన ఉపాయం అది. వలలో పడితే అదే ముల్లు దారాల్లో చిక్కుకుంటుంది. ఒకసారి నేను విడిపించబోయి లాగితే చేప ముల్లు నా వేలిలో దిగింది. పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ సాయంత్రం దాకా సలిపింది. చిక్కుకుంటే లాగకండి. వలను చేపతో సహా నీళ్లలోనే ఉంచి, కాసేపటికి అదే ముల్లు వదులు చేస్తుందేమో చూడండి. లేదంటే చిన్న కత్తెరతో వల కత్తిరించండి. కొత్త వల కొనుక్కోవచ్చు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బాగా బెదిరిన కోరీలు ఒంట్లోంచి విషం లాంటి పదార్థం వదులుతాయి. బహిరంగ నీళ్లలో ఏమీ కాదు. కవర్‌లో ఉన్న కాసిని నీళ్లలో మాత్రం అవే చచ్చిపోవచ్చు, పక్కన ఉన్న చేపల్నీ చంపొచ్చు. అందుకే ఒక్కో కవర్లో రెండు మూడుకు మించి వేయించుకోకండి, వేరే చేపలతో కలపనివ్వకండి. దారిలో కవర్ నీళ్లు నురగ కట్టాయంటే ఇంటికి రాగానే ఆలస్యం చేయకుండా చేపల్ని మంచి నీళ్లలోకి మార్చండి.

ప్రయాణం గంటలోపు అయితే కవర్‌ని పదిహేను నిమిషాలు ట్యాంక్‌లో తేలనిచ్చి, తర్వాత అరగంట పాటు కొంచెం కొంచెంగా ట్యాంక్ నీళ్లు కలపండి. చాలా గంటల ప్రయాణం చేసి వచ్చిన కవర్ అయితే వేడి సమం కాగానే మార్చేయడం మంచిది. అందులో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. కవర్ విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో ఆ అమ్మోనియా మరింత విషమవుతుంది. రెండు సందర్భాల్లోనూ కవర్ నీళ్లు ట్యాంక్‌లో పొయ్యొద్దు.

పాత చేపలున్న ట్యాంక్ అయితే కొత్తవాటిని మూడు నాలుగు వారాలు విడిగా చిన్న ట్యాంక్‌లో ఉంచండి. మొదటి రోజు లైటు వేయకండి. కోరీలు కదలకుండా, పక్కకు ఒరిగి కూడా పడుకుంటాయి. చచ్చిపోయాయనుకుని నేను వేలితో కదిపాను, ట్యాంకంతా గిరగిరా తిరిగి మళ్లీ అదే చోట పడుకుంది.

మేత

మిగిలినవి తినే చేప కాదు కాబట్టి దీని పేరు మీద విడిగా మేత వెయ్యాలి. మునిగే పెల్లెట్లు లేదా టాబ్లెట్లు రోజువారీకి చాలు. వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ బ్లడ్‌వర్మ్స్ (ఎర్రటి లార్వాలు) గానీ డాఫ్నియా (నీటిలో ఉండే చిన్న జీవులు) గానీ కరిగించి వెయ్యండి. ఆ రోజు ట్యాంక్‌లో పండగే.

చిక్కంతా పైన ఈదే చేపలతోనే. టెట్రాలు, రాస్‌బోరాలు లాంటి చిన్న శాంతమైన చేపలు కోరీలకు మంచి తోడే కానీ మేత దగ్గర వేగం ఎక్కువ, పెల్లెట్ నేలకు చేరేలోపు పొడిచి లాక్కుపోతాయి. నేను చేసేది ఇది: లైటు ఆర్పేముందు ట్యాంక్ ఎడమ మూల పైన తేలే మేత వేసి అవన్నీ అక్కడ గుమిగూడాక, కుడి పక్క రెండు చోట్ల టాబ్లెట్లు జారవిడుస్తాను. లైటు ఆర్పేస్తాను. కోరీలు చీకట్లో మీసాలతోనే వెతుక్కుంటాయి, మిగతావి నిద్రకు పోతాయి. పొద్దున్నే అడుగున టాబ్లెట్ మిగిలి ఉంటే రేపు తగ్గించండి. పక్కనుంచి చూసినప్పుడు పొట్ట గీత కొద్దిగా గుండ్రంగా కనిపించాలి. వారంలో ఒక రోజు ఉపవాసం ఉంచినా నష్టం లేదు.

పెద్ద సిక్లిడ్లతో, ఆస్కార్లతో, గోల్డ్‌ఫిష్‌తో వీటిని కలపకండి. మింగబోయినవాడి గొంతులో ముల్లు ఇరుక్కుని రెండు చేపలూ పోతాయి.

వారం వారం చేసే పని

వారానికోసారి పావు వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్లు మార్చండి. అరవై లీటర్ల ట్యాంక్‌కి పదిహేను నుంచి ఇరవై లీటర్లు. సైఫన్ మూతిని ఇసుకలో గుచ్చితే ఇసుక బకెట్‌లోకి వచ్చేస్తుంది. ఒక వేలు ఎత్తున పట్టుకుని, రెండో చేతి వేళ్లతో ఇసుకను మెల్లగా కదపండి. మురికి తేలిక కాబట్టి లేచి పైపులోకి పోతుంది, ఇసుక కిందికి దిగిపోతుంది. మేత వేసే చోట, కర్ర కింద ఎక్కువ పేరుకుంటుంది, అక్కడ రెండుసార్లు తిప్పండి.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే ఒక రోజు నిలవ ఉంచితే పోతుంది. క్లోరమిన్ కలిపిన నీళ్లయితే నిలవ ఉంచినా పోదు, యాంటీ క్లోరిన్ మందు వెయ్యాల్సిందే. ఏది కలుపుతున్నారో తెలియకపోతే ఎప్పుడూ వేసెయ్యడమే నయం. ఫిల్టర్ స్పాంజ్‌ని మాత్రం కొళాయి కింద కడక్కండి, ఇన్నాళ్లు పెంచిన బ్యాక్టీరియా పోతుంది. ట్యాంక్‌లోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండితే చాలు.

ఏది మామూలు, ఏది జబ్బు

కొత్తగా పెంచేవాళ్లు మొదట భయపడేది ఇది చూసే. అడుగున మేస్తున్న కోరీ ఉన్నట్టుండి బాణంలా పైకి దూసుకెళ్లి, నీటి పైన ఒక్క గుక్క గాలి మింగి, అంతే వేగంగా కిందికొస్తుంది. ఇది జబ్బు కాదు. మొప్పలతో పాటు పేగు చివరి భాగంతో కూడా ఇది గాలిలోని ఆక్సిజన్ తీసుకోగలదు. మూత కింద ఖాళీ వదలమన్నది అందుకే. అప్పుడప్పుడు ఒకటి వెళ్లడం మామూలే. అన్నీ కలిసి నిమిషానికోసారి పైకి పరుగెడుతుంటే మాత్రం నీళ్లలో ఆక్సిజన్ తగ్గినట్టు, లేదా అమ్మోనియా, నైట్రైట్ పెరిగినట్టు. అప్పుడు మందు సీసా వెతకొద్దు. ముందు టెస్ట్ కిట్ తీసి చూడండి, మూడో వంతు నీళ్లు మార్చండి, ఎయిర్ పంప్ పెంచండి.

కళ్లు కొట్టడం కూడా మామూలే. కోరీ కనుగుడ్డును కిందికి తిప్పుతుంటే కన్ను గీటినట్టు కనిపిస్తుంది.

పొట్ట కింద ఎర్రటి మచ్చలు వచ్చాయంటే తేలిగ్గా తీసుకోకండి. కొత్తగా తెచ్చినవాటిలో, నీళ్లు పాడైన ట్యాంకుల్లో ఎక్కువ వస్తుంది. మెత్తని చర్మం మీద బ్యాక్టీరియా దెబ్బ అది. ఆ చేపను విడిగా శుభ్రమైన నీళ్లలో ఉంచి రోజూ కొంత నీళ్లు మార్చండి. రెండు రోజుల్లో తగ్గుముఖం పట్టకపోతే బ్యాక్టీరియాకు వాడే మందు కావాలి. తింటూనే పొట్ట లోపలికి పోతుంటే కడుపులో పురుగులు ఉండొచ్చు, దానికి మందు వేరు.

తెల్ల చుక్కల జబ్బు వస్తే నీళ్లను 30 డిగ్రీలకు పెంచమని సలహా ఇస్తారు. పెప్పర్డ్, పాండా లాంటి చల్లటి నీళ్ల రకాలకు ఆ వేడే ముప్పు. ఉప్పు, రాగి కలిసిన మందులు కూడా కోరీలకు అంతగా పడవు. సీసా మీద క్యాట్‌ఫిష్‌కు విడిగా మోతాదు రాసి ఉంటే అదే వాడండి. మందు వేసిన రోజుల్లో ఎయిర్ పంప్ ఆపకండి, ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసెయ్యండి, అది మందును పీల్చేస్తుంది.

ఒక రోజు అద్దం మీద గుడ్లు కనిపిస్తే

అన్నీ కుదిరిన ట్యాంక్‌లో, ముఖ్యంగా కాస్త చల్లటి నీళ్లతో మార్చిన మర్నాడు పొద్దున, అద్దానికి ఆవగింజంత తెల్లటి ముత్యాలు అంటుకుని కనిపిస్తాయి. ముందు రోజు రాత్రి చూసి ఉంటే ఆడది తన మూతిని మగదాని పొట్టకు ఆనించి ఇంగ్లిష్ 'టి' ఆకారంలో నిలబడటం కనిపించేది. బ్రాంజ్ కోరీలో ఆడది మగదాని వీర్యాన్ని నోటితో మింగుతుంది, అది పేగు గుండా వెళ్లి గుడ్ల దగ్గర బయటికొస్తుందని పరిశోధనల్లో తేలింది. ఆడది రెక్కల మధ్య కొన్ని గుడ్లు పట్టుకుని, చోటు వెతుక్కుని అంటించి, మళ్లీ వస్తుంది.

ట్యాంక్‌లోనే వదిలేస్తే తల్లిదండ్రులే తినేస్తాయి. పిల్లలు కావాలంటే గుడ్లను వేలి కొనతో మెల్లగా దొర్లించి తీయండి. ఒక గంటయ్యాక పై పొర గట్టిపడుతుంది కాబట్టి చితికిపోవు. అదే ట్యాంక్ నీళ్లు పోసిన చిన్న డబ్బాలో వేసి, ఎయిర్ స్టోన్‌తో బుడగలు మెల్లగా తగిలేలా పెట్టండి. దూది పట్టినట్టు తెల్లగా మారినవి రోజూ ఏరెయ్యాలి, లేకపోతే ఆ బూజు పక్కవాటికి పాకుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో పొదుగుతాయి. మొదటి రెండు రోజులు పొట్ట కింది సొన తిని బతుకుతాయి, అప్పుడు మేత వెయ్యకండి. తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యల్లాంటి అతి చిన్న జీవులు) రోజుకు రెండు మూడుసార్లు. మేత వేసిన గంటకు డ్రాపర్‌తో అడుగు శుభ్రం చెయ్యండి, రోజూ సగం నీళ్లు అదే వేడిలో మార్చండి. అడుగున పలచగా కాస్త ఇసుక చల్లితే, వారం తిరగకముందే ఆ వెంట్రుకంత మీసాలతో దాన్ని తవ్వడం మొదలుపెడతాయి.